ఎక్కడానికి కూలి లేదండి, దిగడానికే!

పిఠాపురం : "అంత ఎత్తు మేడ ఎక్కి అద్దాలు తుడిస్తే ఏం గిట్టుతుంది?" అని అడిగితే, రైల్వే స్టేషన్ దగ్గర టీ తాగుతున్న నలుగురూ ఒక్కసారిగా నవ్వారు. "ఎక్కడానికి ఏమీ తీసుకోమండి, లిఫ్టుంది కదా! దిగడానికే డబ్బులు" అన్నాడు వారిలో పెద్దవాడు.

వేళాకోళానికి అన్నా అది నిజమే. ఇంటికి సున్నం వేసేవారు పరంజా కట్టుకుని కింది నుంచి పైకి పోతారు. అద్దాల మేడ పని దానికి తిరకాసు. లిఫ్టులో డాబా మీదికి వెళ్లి, తాడును గట్టి ఆధారానికి బిగించి, చిన్న పీట మీద కూర్చుని, ఒక్కో అంతస్తూ దిగుతూ సబ్బునీళ్లు పూసి రబ్బరు వైపరుతో లాగాలి. నేలకు కాలు ఆనితే ఒక వరస అయినట్టు. మళ్లీ లిఫ్టెక్కాలి.

ఈ నలుగురూ ఒకప్పుడు సంక్రాంతి ముందు ఊళ్లో ఇళ్లకు రంగులు వేసినవారే. ఇప్పుడు ఇద్దరు హైదరాబాదులో, ఒకరు విశాఖలో ఉంటున్నారు. నాలుగోవాడు దుబాయిలో చేసి వచ్చాడు. పండక్కి కలుసుకున్నారు.

బేరాల మాట వస్తే వీరి దగ్గర కథలకు కొదవ లేదు. చదరపు అడుగుకు ఇంత అని గుత్త మాట్లాడితే, కింది రెండు అంతస్తులూ మా వాచ్‌మన్ తుడుస్తాడు, పైవే మీరు చేయండి, రేటు మాత్రం అదే అన్నాడట ఒక యజమాని. అలాగేనండీ, పైవి మీ వాచ్‌మన్‌కిచ్చి కిందివి మాకివ్వండి, సగం రేటుకే చేస్తాం అన్నారట వీరు. పైనుంచి ఏం కనిపిస్తుందని అడిగేవారికీ జవాబు సిద్ధం : "అప్పులవాడు ఏ వీధిలో వస్తున్నాడో కనిపిస్తుందండి!"

దుబాయి కుర్రాడికి బుర్జ్ ఖలీఫా మీద మోజు. 2010లో తెరిచిన ఆ మేడ ఎత్తు 828 మీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే 60 అడుగుల కొబ్బరిచెట్లు 45 ఒకదానిపై ఒకటి నిలబెట్టినట్టు. అద్దాలు 24 వేలకు పైనే. గోడ వెంట పట్టాల మీద నడిచే యంత్రపు ఊయలల్లో మనుషులు నిలబడి తుడుస్తారు. మొత్తం ఒకసారి పూర్తికావడానికి సుమారు 3 నెలలు. "చివరి అద్దం తుడిచేసరికి మొదటిదానికి ఇసుక పట్టేస్తుంది. అదండీ పర్మనెంటు ఉద్యోగమంటే!" అని కుర్రాడు అనగానే మళ్లీ నవ్వులు.

పనిలో కిటుకులు లేకపోలేదు. ఎండకు కాలిన అద్దం మీద సబ్బునీరు క్షణంలో ఆరి చారలు కడుతుంది. అందుకే పొద్దున పడమటి గోడ, మధ్యాహ్నం తూర్పు గోడ పట్టుకుని నీడ వెంట నడుస్తారు. గాలి హెచ్చితే ఆ పూట పని బంద్. ఆ పూట కూలీ బంద్. గుత్త పనికి గాలితో సంబంధం లేదు మరి.

రెండో తాడు సంగతి అడిగినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. మనిషి దిగే తాడు ఒకటి. అది తెగినా జారినా పట్టుకునేందుకు, వేరే ఆధారానికి కట్టి ఒంటికి తొడుక్కున్న రక్షణ పట్టీలకు తగిలించే తాడు ఇంకొకటి. ఈ రెండు తాళ్ల పద్ధతినే బ్రిటన్‌లో సముద్రపు చమురు బావుల దగ్గర తాడు పనులు చేయించే సంస్థలు 1980 దశకంలో నియమంగా పెట్టుకున్నాయి. మన దగ్గర రేటు తెగనప్పుడు మేస్త్రీలు మొదట కోత పెట్టేది దీనికేనని విశాఖలో పనిచేసే ఆయన చెప్పాడు. సబ్బు తగ్గిస్తే అద్దం మీద తెలిసిపోతుంది, తాడు తగ్గిస్తే కింద కుర్చీలో కూర్చున్న యజమానికి తెలియదు. బేరమాడే పెద్దలు ఒక్కసారి తలెత్తి తాళ్లు ఎన్నో లెక్కపెడితే వారికి పోయేదేమీ లేదు.

కట్టడాల మరమ్మతు, నిర్వహణ పనివారికీ వర్తించేలా 1996లో చట్టం వచ్చింది. 18 నుంచి 60 ఏళ్లలోపువారు, ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉంటే సంక్షేమ బోర్డులో పేరు నమోదుకు అది వీలు కల్పించింది. ఈ నలుగురిలో కార్డున్నది ఒక్కరికే. నెలకో ఊరు, పనికో మేస్త్రీ. 90 రోజులకు రాసిచ్చేదెవరని మిగతావారి ప్రశ్న.

ఇంతలో టీ డబ్బుల దగ్గర పేచీ వచ్చింది. ఎవరు ఎక్కువ ఎత్తులో పనిచేస్తే వారే ఇవ్వాలని ముగ్గురూ తీర్మానించారు. దుబాయి కుర్రాడు జేబులు తడుముకుంటూ, "ఇప్పుడు నేలమీదే ఉన్నాను కదండీ!" అన్నాడు.