పైన పటారం... కింద తుప్పు!

పికప్ ట్రక్కు పాతబడితే ఎవరైనా ముందు ఇంజిన్ గురించే బెంగపడతారు. అమెరికాలో టయోటా టకోమా కొన్న చాలామందికి మాత్రం ఇంజిన్ బాగానే ఉన్నా, బండి బరువంతా మోసే ఛాసిస్సే పుచ్చిపోయింది!

కారణం... ఉప్పు. చలికాలంలో రోడ్లమీద మంచు కరగడానికి అక్కడ ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు చక్రాల వెంట ఎగిరి బండి అడుగుభాగానికి పడతాయి. తుప్పును ఆపే పూత సరిగా లేకపోతే ఇనుము పొరలుపొరలుగా ఊడి, చివరికి చిల్లులు పడుతుంది.

1995-2000 మోడల్ టకోమాల ఛాసిస్‌కు కంపెనీ 2008లో వారంటీని 15 ఏళ్లకు పెంచింది. మరీ పాడైనవాటిని విలువకు ఒకటిన్నర రెట్లు ఇచ్చి వెనక్కి తీసుకుంది. 2009లో టండ్రా వంతు. అడుగున బిగించిన స్టెప్నీ ఊడి రోడ్డుమీద పడొచ్చనీ, బ్రేకు పైపులు దెబ్బతినొచ్చనీ సుమారు 1.10 లక్షల బళ్లను వెనక్కి పిలిచారు. 2016లో మరో 15 లక్షల బళ్ల కేసు రాజీకొచ్చింది.

మనకు మంచు లేకపోయినా తీరప్రాంతాల్లో ఉప్పుగాలి ఉంది. విశాఖలోనో కాకినాడలోనో పాత బండి కొనేటప్పుడు రంగు చూసి మురిసిపోకుండా, మెకానిక్‌తో ఛాసిస్‌ను సుత్తితో తట్టించి చూడాలి. ఖంగుమంటే సరే. పెచ్చులు రాలితే... బేరం అక్కడితో ఆపేయడమే మేలు!