బొమ్మల కొలువులో ఊరి అమరిక

బొమ్మల కొలువు పండుగ రోజులలో ఇంటిలో బొమ్మలను మెట్లపై అమర్చి, ఇరుగుపొరుగువారిని పేరంటానికి పిలిచి చూపించే ఆచారం. కోస్తా ఆంధ్రలో దీనిని ఎక్కువగా సంక్రాంతికి, మరికొన్ని ప్రాంతాలలో దసరాకు జరుపుకొంటారు. మెట్ల ముందు నేలపై ఊరు, తోట, తిరునాళ్ళ వంటి దృశ్యాలను నిర్మించడం ఇందులో సృజనాత్మకమైన భాగం. బొమ్మలు బజారులో కొన్నవే అయినా, ఆ ఊరు ఆ ఇంటివారి ఊహ.

మెట్లు

మెట్లు సాధారణంగా 3, 5, 7, 9 వంటి బేసి సంఖ్యలో ఉంటాయి. పై మెట్లపై దేవతామూర్తులను, వాటి దిగువన పురాణ పురుషులను, కింది మెట్లపై మనుషుల, జంతువుల బొమ్మలను ఉంచుతారు. మెట్ల క్రమానికి సంప్రదాయం ఉన్నది. నేలపై ఊరికి అటువంటి కట్టుబాటు లేదు.

ఊరి నిర్మాణం

ఇసుకతో బాటలు, అద్దపు ముక్కతో చెరువు, అగ్గిపెట్టెలతో ఇళ్ళు, ఎండుగడ్డితో పాకలు, గడ్డివాములు చేస్తారు. పళ్ళెంలో మట్టి పోసి ఆవాలో మెంతులో చల్లితే కొద్ది రోజులలో మొలకెత్తి పచ్చని పొలంలా కనిపిస్తాయి. అందుచేత ఈ పని పండుగకు ముందే మొదలుకావాలి.

కృష్ణా డెల్టాలో కాలువ, వరిచేను, ఎడ్లబండి ఇందుకు సహజమైన వస్తువులు. స్థానిక దృశ్యాన్ని ఎంచుకోవడం మరొక పద్ధతి. ఉదాహరణకు హనుమాన్ జంక్షన్‌లో విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ దారులు కలుస్తాయి. ఆ ఊరికి పేరు తెచ్చిన ఆంజనేయస్వామి ఆలయమూ అక్కడే ఉన్నది. నాలుగు ఇసుక బాటలు, నడుమ చిన్న గుడి ఉంచితే చూసేవారు ఆ ఊరిని గుర్తుపడతారు.

కొండపల్లి బొమ్మలు

విజయవాడ సమీపంలోని కొండపల్లి బొమ్మలు ఈ అమరికకు ఎంతో అనువైనవి. వీటిని తేలికైన తెల్లపొణికి కర్రతో చేస్తారు. చేతులు, కాళ్ళు వంటి భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతికించి, రంగులు వేస్తారు. దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు ప్రసిద్ధమైనవి. వీటికి భౌగోళిక గుర్తింపు లభించింది.

ఇటుక బొమ్మలతో పోలిక

డెన్మార్క్‌కు చెందిన లెగో సంస్థ 1958లో పేటెంటుకు దరఖాస్తు చేసిన ఇటుకలతోనూ ఔత్సాహికులు ఊళ్ళు నిర్మిస్తారు. ఎనిమిది బొడిపెలున్న ఒకే రంగు ఇటుకలు ఆరింటిని 91,51,03,765 విధాలుగా కలపవచ్చునని గణితజ్ఞులు లెక్కించారు. ఇటుకకు స్వంత రూపం లేదు కనుక కల్పన అంతా కూర్పులో ఉంటుంది. కొలువు బొమ్మకు రూపం ముందే ఉన్నది. కల్పన దాని స్థానంలో ఉంటుంది. నీళ్ళ బిందె ఎత్తుకున్న స్త్రీ బొమ్మ మెట్టుపై ఒక బొమ్మ మాత్రమే. బావి దగ్గర నిలిపితే అదే ఒక కథ అవుతుంది.

చూడవలసిన విశేషాలు

మంచి అమరికలో బొమ్మల పరిమాణం పొంతన కుదరాలి. పెద్దవాటిని ముందు, చిన్నవాటిని వెనుక ఉంచితే దూరం ఉన్నట్లు తోస్తుంది. బొమ్మలు ఒకదానివైపు ఒకటి తిరిగి ఉంటే సంభాషిస్తున్నట్లు కనిపిస్తాయి. ఖరీదైన బొమ్మలు లేకపోయినా ఈ గుణాలు సాధ్యమే. పేరంటాళ్ళు తాంబూలం, శనగలు అందుకొనే ముందు ఇటువంటి చిన్న వివరాలనే గుర్తించి మెచ్చుకొంటారు.

నేటి పరిస్థితి

పొణికి కర్ర కొరత కొండపల్లి కళాకారులను బాధిస్తున్నది. ఆ చెట్లు తరిగితే బొమ్మలూ తరుగుతాయి. ఊరి అమరికకు మరొక పరిమితి ఉన్నది: పండుగ ముగియగానే దానిని తీసివేస్తారు. బొమ్మలు పెట్టెలోకి చేరి తరువాతి తరానికి అందుతాయి. అమర్చిన ఊరు మిగలదు. పిల్లలు పెద్దల పక్కన కూర్చొని ఇసుక పరచి, మొలకలకు నీరు చల్లినప్పుడే ఆ నేర్పు నిలుస్తుంది.