కారు కిటికీ అద్దం జారిపోతే

స్విచ్ నొక్కితే తలుపులోంచి మోటారు చప్పుడు వినిపిస్తుంది, అద్దం మాత్రం కదలదు. లేదా లోపల ఏదో పటుక్కుమని విరిగి, అద్దం మొత్తం తలుపులోకి జారిపోతుంది. పాత కార్లు నడిపేవాళ్ళకి ఇది కొత్త విషయమేమీ కాదు. మిషిగన్ చలికాలంలో నా కారుకీ ఇదే జరిగింది. షాపులో కనుక్కుంటే 430 డాలర్లన్నారు. అసలు మార్చాల్సిన విడిభాగం, అంటే విండో రెగ్యులేటరు, విడిగా కొంటే 60 డాలర్లు.

ఇందులో మోసమేమీ లేదు. ఫలానా మోడల్లో ఫలానా పనికి ఇన్ని గంటలని లేబర్ గైడ్లలో రాసి ఉంటుంది. దాన్ని షాపు గంట రేటుతో హెచ్చవేస్తారు. ఆ గంటల్లో ఎక్కువభాగం విడిభాగం దాకా చేరడానికీ, తిరిగి అన్నీ బిగించడానికీ పట్టేవే. కాబట్టి తలుపు లోపలి ప్యానెల్‌ని ఏ వరుసలో విప్పాలో తెలిస్తే పని చాలావరకు తెలిసినట్టే. విజయవాడ ఆటోనగర్‌లో అయితే మెకానిక్ పక్కనే నిలబడి చూసి నేర్చుకోవచ్చు. ఇక్కడ షాపు లోపలికి మనల్ని రానివ్వరు కనుక, కాస్త చదువుకుని దిగాలి.

ముందు యంత్రం సంగతి చూద్దాం. మోటారు ఒక చిన్న డ్రమ్ముని తిప్పుతుంది. దానికి చుట్టిన సన్నటి ఉక్కు తీగ పైనా కిందా ఉన్న కప్పీల మీదుగా తిరుగుతూ, అద్దాన్ని పట్టుకున్న స్లైడరుని పట్టా వెంట లాగుతుంది. మన బావి గిలకే అనుకోండి. చాలా కార్లలో ఆ కప్పీలు, స్లైడరు ప్లాస్టిక్‌వి. ఏళ్ళు గడిచేకొద్దీ పెళుసెక్కుతాయి. మంచు పడ్డ ఉదయం అద్దం రబ్బరుకి అతుక్కుపోయి ఉన్నప్పుడు స్విచ్ నొక్కితే మోటారు లాగుతుంది, అద్దం రాదు, మధ్యలో ప్లాస్టిక్ విరుగుతుంది. మోటారు చప్పుడే లేకపోతే మాత్రం రెగ్యులేటరు కొనకండి. ముందు ఫ్యూజు, స్విచ్, వైర్లు, మోటారు చూసుకోవాలి.

స్క్రూడ్రైవరు పట్టుకునే ముందు మూడు పనులున్నాయి. ఒకటి, కారు 17 అక్షరాల విన్ నంబరుతో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్లో రీకాల్ ఏమన్నా ఉందేమో చూడండి. ఉంటే డీలరు ఉచితంగా చేస్తాడు. రెండు, మీ మోడల్‌కి సంబంధించిన రిపేరు మాన్యువల్ సంపాదించండి. చాలా పబ్లిక్ లైబ్రరీల్లో కార్డు ఉంటే చిల్టన్ మాన్యువల్స్ ఆన్‌లైన్లో ఉచితంగా చూడవచ్చు. మూడు, అపార్ట్‌మెంట్లో ఉంటే లీజు చదవండి. పార్కింగ్ లాట్‌లో కారు రిపేరు చెయ్యకూడదని చాలా లీజుల్లో ఉంటుంది. ఇక, సొంతంగా రిపేరు చేస్తే వారంటీ పోతుందని మనవాళ్ళలో ఒక భయం ఉంది. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం అంతమాత్రాన వారంటీ రద్దు కాదు. మీ చేతి వల్ల జరిగిన నష్టాన్ని మాత్రం కంపెనీ భరించదు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. పక్క నుంచి గుద్దినప్పుడు తెరుచుకునే ఎయిర్‌బ్యాగ్ చాలా కార్లలో సీట్లోనో, పైకప్పు అంచులోనో ఉంటుంది. కొన్నింట్లో తలుపులోనే ఉంటుంది. మీ కారులో తలుపులోనే ఉందని మాన్యువల్ చెబితే ఈ పని షాపుకే వదిలెయ్యండి. కొన్ని కార్లలో తలుపులో బ్యాగ్ ఉండదు గానీ, గాలి పీడనాన్ని కొలిచే సెన్సరు ఉంటుంది. వేరే బండి వచ్చి గుద్దితే తలుపు రేకు లోపలికి నొక్కుకుని, తలుపులోని గాలి పీడనం ఒక్కసారిగా పెరుగుతుంది. అది చూసే కంప్యూటరు బ్యాగ్ తెరవాలని నిర్ణయిస్తుంది. ఈ కనెక్టర్లు సాధారణంగా పసుపు రంగులో ఉంటాయి.

అందుకని మొదట బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసి పక్కకి పెట్టండి. మోటారు ఇంకా తిరుగుతూ ఉంటే, అద్దం బోల్టులు అందే ఎత్తుకి స్లైడరుని ముందే తెచ్చుకోండి. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటరులో కెపాసిటర్లు కాసేపు ఛార్జి నిలుపుకుంటాయి. ఎంతసేపు ఆగాలో మాన్యువల్‌లో ఉంటుంది. కంపెనీని బట్టి ఒకటిన్నర నిమిషం నుంచి పది నిమిషాల దాకా చెబుతారు.

తరవాత స్క్రూలు. హ్యాండిల్ వెనక చిన్న మూత కింద ఒకటి, తలుపు లాగే గుంటలో ఒకటి రెండు, అంచున ఇంకొకటి దాక్కుని ఉంటాయి. ప్యానెల్ రాకపోతే బలం వాడకుండా, ఇంకో స్క్రూ ఎక్కడుందో వెతకండి. అన్నీ తీశాక ప్లాస్టిక్ ట్రిమ్ టూల్‌ని కింది అంచులో దూర్చి, క్లిప్పులు ఒక్కొక్కటే ఊడదీయాలి. ఇనప స్క్రూడ్రైవరుతో పెకలిస్తే గీతలు పడతాయి. క్లిప్పులన్నీ ఊడాక ప్యానెల్‌ని పైకెత్తితే వస్తుంది. వెంటనే లాగెయ్యకండి, వెనక వైర్లు, హ్యాండిల్ తీగ ఉంటాయి. ప్రతి అడుగూ ఫోటో తీసుకుని, స్క్రూలని విప్పిన వరుసలో ఒక అట్టకి గుచ్చి పెట్టుకోండి. చివర విప్పింది ముందు బిగించాలి. మనకి స్టాక్ గురించి వేరే చెప్పక్కర్లేదు కదా!

ప్యానెల్ వెనక ప్లాస్టిక్ పొరో, పలచటి ఫోము పొరో కనిపిస్తుంది. తారులా సాగే నల్లటి జిగురుతో అంటించి ఉంటుంది. దాన్ని చింపకుండా నిదానంగా వలవండి. కిటికీ అంచు నుంచి తలుపులోకి దిగే వాన నీళ్ళు కారు లోపలికి రాకుండా ఆపేది ఇదే. పీడనం సెన్సరున్న కార్లలో తలుపులోని గాలి బయటకి పోకుండా ఉంచడంలోనూ దీనికి పాత్ర ఉంది. చిరిగిన పొరతో మూసేసినా కిటికీ బాగానే పనిచేస్తుంది. గుద్దుకున్నప్పుడు బ్యాగ్ సరిగ్గా తెరుచుకుంటుందన్న భరోసా మాత్రం పోతుంది.

అద్దాన్ని పూర్తిగా పైకెత్తి, తలుపు ఫ్రేము మీదుగా రెండు మూడు చోట్ల పెయింటర్స్ టేపుతో గట్టిగా కట్టండి. చేతికి గ్లవ్స్ వేసుకోండి. పక్క కిటికీలకి ఎక్కువగా వాడే టెంపర్డ్ గ్లాసు అంచున దెబ్బ తగిలితే మొత్తం పలుకులుగా రాలిపోతుంది. అద్దం బోల్టులు తీసి, తరవాత రెగ్యులేటరు బోల్టులు తీస్తే, అది తలుపు రంధ్రంలోంచి బయటకి వస్తుంది. చాలావాటికి 10 ఎంఎం సాకెట్ సరిపోతుంది. బోల్టులకి బదులు రివెట్లుంటే డ్రిల్ చెయ్యాలి. మొదటిసారి చేసేవాళ్ళకి అది నేను సలహా ఇవ్వను.

కొత్తది బిగించాక, ప్యానెల్ మూసేముందే కిటికీ నడిపి చూసుకోవాలి. పసుపు కనెక్టర్లు ఏవన్నా ఊడదీసి ఉంటే, వాటిని తిరిగి పెట్టకుండా బ్యాటరీ కలిపి ఇగ్నిషన్ ఆన్ చెయ్యకండి. డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి అలాగే ఉండిపోవచ్చు. అద్దం సాఫీగా తిరిగితే, పొరని పాత జిగురు మీదే చుట్టూ నొక్కి అంటించండి. పట్టు చాలని చోట కొత్త బ్యూటైల్ టేపు వెయ్యండి. విరిగిన క్లిప్పుల బదులు కొత్తవి పెట్టండి.

ఒక్క నొక్కుతో పైకి లేచే కిటికీ అయితే ఇంకో పని మిగిలి ఉంటుంది. మోటారుకి పైనా కిందా హద్దులు మళ్ళీ నేర్పాలి. ఆ పద్ధతి మాన్యువల్‌లో ఉంటుంది. అది చెయ్యకపోతే మధ్యలో ఏదన్నా అడ్డొచ్చినా అద్దం వెనక్కి తిరగకపోవచ్చు. వెనక సీట్లో పిల్లలు కూర్చునే కారైతే దీన్ని వాయిదా వెయ్యకండి.

నాకు ఒక శనివారం మధ్యాహ్నం మూడు గంటలు పట్టింది. సీట్ బెల్టులు, స్టీరింగు, డాష్‌బోర్డులోని ఎయిర్‌బ్యాగ్‌ల జోలికి మాత్రం నేను పోను. ఆ పనులకి షాపు అడిగిన డబ్బు ఇచ్చి చేయించుకోవడమే మంచిది.