పిల్లలు అడిగితే పెద్దలు జవాబు చెప్పాలి

కర్ణాటకలో ప్రతి గ్రామ పంచాయతీ ఏడాదికొకసారి పిల్లల కోసమే గ్రామసభ పెట్టాలని 2006లో ప్రభుత్వం ఆదేశించింది. దాన్ని కన్నడంలో మక్కళ గ్రామసభ అంటారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే కోలారు జిల్లా పిల్లలకూ ఈ సభ ఉంది. పిల్లలు అడగాలి, పంచాయతీ అధ్యక్షులు, పంచాయతీ అభివృద్ధి అధికారి (పీడీవో) జవాబు చెప్పాలి. కాగితం మీద ఇంతే. కానీ మైకు ఎవరికివ్వాలి అనేసరికి పెద్దల కళ్లు గడగడా మాట్లాడే పిల్లవాడి వైపే తిరుగుతాయి. వాడికి పంతులుగారు రాసిచ్చిన నాలుగు పేరాలు నోటికొచ్చు. సభలో చప్పట్లు పడతాయి, ఫొటో తీస్తారు, మర్నాడు కొళాయి ఎప్పట్లాగే ఎండిపోయి ఉంటుంది. తెలివైన పిల్లలను పెద్దల సంగతులు మాట్లాడనివ్వాలా అన్న చర్చ సాధారణంగా ఈ ఉపన్యాసాన్ని చూసే పుడుతుంది. మాట్లాడనివ్వాలి, ముందుకు తోయాలి కూడా. అయితే వాళ్ల తెలివిని వాడుకోవలసింది ఆరా తీయడానికి, లెక్క కట్టడానికి, గట్టిగా అడగడానికి. వక్తృత్వ పోటీ అందులో చివరి సంగతి.

అసలు పెద్దల సంగతి అంటే ఏది? కోలారు నీళ్లనే చూడండి. ఏడాది పొడవునా పారే నది లేని జిల్లా ఇది. చెరువులు ఎండితే బోర్లే దిక్కు, ఆ బోర్లలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. ఫ్లోరైడ్ వల్ల పళ్ల మీద పడే గోధుమరంగు మచ్చలు, శాశ్వత దంతాలు లోపల తయారవుతున్న వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు, ఆ నీళ్లు తాగినవాళ్లకే వస్తాయి. పెద్దయ్యాక తాగినవారికి ఎముకల బాధలు రావచ్చుగాని పళ్లకు ఆ గార పట్టదు. మరి మంచినీళ్ల సమస్య ఎవరిది? 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కె.సి. వ్యాలీ పథకం కింద కోలారు చెరువులకు పంపుతున్నారు. చెరువులు నిండాయని సంతోషించినవారున్నారు, ఆ శుద్ధి చాలదని కోర్టుకెక్కినవారూ ఉన్నారు. ఆ నీళ్లు ఇంకి బోర్లలోకి చేరితే వాటితో అందరికన్నా ఎక్కువ కాలం బతకవలసింది ఇప్పుడు మూడో తరగతి చదివేవాళ్లే. కోలారు బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లోనూ అంతే. గని 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. ఇప్పుడు అక్కడ బడికి వెళ్లే పిల్లల్లో ఒక్కరూ అప్పటికి పుట్టలేదు. బంగారం సంగతి వాళ్లు వినడమేగాని ఎరగరు. గని మిగిల్చిన సైనైడ్ దిబ్బల మీదినుంచి లేచే దుమ్ము మాత్రం వాళ్లకూ వస్తుంది, పొద్దున్నే బెంగళూరు రైలెక్కి చీకటి పడ్డాక తిరిగొచ్చే అమ్మానాన్నలూ వాళ్లవాళ్లే.

పిల్లలు ఇలాంటివి మాట్లాడగలరా అని అనుమానపడేవారికి ఇదే రాష్ట్రంలో నిదర్శనం ఉంది. తెలుగు కవి, సినిమా దర్శకుడు పట్టాభిరామిరెడ్డి, నటి స్నేహలతారెడ్డి దంపతుల కూతురు నందనా రెడ్డి బెంగళూరులో పనిపిల్లల కోసం ఒక సంస్థను నిలబెట్టారు. ఆ అండతో 1990లో పనిపిల్లలే భీమ సంఘ అనే తమ సంఘాన్ని ఏర్పరచుకున్నారు. 1995లో ఉడుపి ప్రాంతంలోని కెరాడిలో పిల్లలు ఓట్లేసి ఎన్నుకున్న మక్కళ పంచాయతీ వచ్చింది. వానాకాలంలో బడిదారిలో వాగులు దాటడానికి కాలివంతెనల వంటివి వాళ్లు అడిగారు. ఊరి పరిస్థితిని తామే ఆరా తీసి అడిగారు. 2004లో కుందాపుర తాలూకాలోని 56 పంచాయతీల పిల్లలు తమ ఊళ్లకు పంచవర్ష ప్రణాళికలే తయారుచేశారు. అంతకుముందు, 1996లో, కుందాపురలో ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల పనిపిల్లలు కలుసుకుని పది అంశాల ప్రకటన చేశారు. పిల్లలు తయారుచేసిన సరుకులను బహిష్కరించడం తమకు ఇష్టం లేదన్నది అందులో ఒకటి. విదేశాల్లోని మంచిమనసున్న పెద్దలు ఆ బహిష్కరణనే మందుగా ఎంచుకున్న రోజులవి. పిల్లల మాట సరా తప్పా అన్న వాదన ఎలా ఉన్నా, అది ఎవరూ రాసిచ్చిన మాట కాదని మాత్రం తెలిసిపోతుంది. వీళ్లెవరినీ ఎవరూ బాలమేధావులని ఎంపిక చేయలేదు కూడా.

ఎంపిక మాట వచ్చింది కాబట్టి ఒక పాత సంగతి. అమెరికన్ మనస్తత్వవేత్త లూయిస్ టెర్మన్ 1921లో కాలిఫోర్నియాలో తెలివితేటల పరీక్షలు పెట్టి దాదాపు 1,500 మంది మేధావి పిల్లలను ఏరి, వాళ్ల జీవితాలను దశాబ్దాలపాటు గమనించే పని మొదలుపెట్టాడు. ఆ వడపోతలో అందక మిగిలిపోయిన ఇద్దరు పిల్లలు, విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్, తర్వాత భౌతికశాస్త్రంలో నోబెల్ తెచ్చుకున్నారు. అంత పకడ్బందీ పరీక్షకే దొరకని తెలివి బడి వార్షికోత్సవంలో దొరుకుతుందనుకోవడం అత్యాశ. పెద్దల సంగతులు పిల్లల ముందు పెట్టడం మీద బరువైన అభ్యంతరం ఒకటి మనస్తత్వవేత్త లీటా హాలింగ్‌వర్త్ పరిశోధనల్లో ఉంది. చాలా తెలివైన పిల్లలకు లోకంలోని అన్యాయం, చావు పెద్దలకు లాగే అర్థమవుతాయి, తట్టుకునే మనసు మాత్రం ఆ వయసుదే అని ఆమె గమనించింది. ఇది నిజం. అయితే నోరు నొక్కినంత మాత్రాన వాళ్ల దిగులు పోదు. చెయ్యడానికి తమ చేతికందే పని ఒకటి ఉంటే కొంత తగ్గుతుంది. వీధిలో ఎన్ని కొళాయిలు పనిచేయడం లేదో లెక్కపెట్టడం పదేళ్ల మనసుకు భారం కాదు. భూగోళాన్ని కాపాడమని వేదికెక్కించడం భారమే.

పార్టీలు వాడుకుంటాయి, శత్రువులు పుట్టుకొస్తారు అన్న భయం కొట్టిపారేయదగ్గది కాదు. స్వాత్ లోయలో ఆడపిల్లల చదువు గురించి మాట్లాడిన మలాలా మీద 2012 అక్టోబరులో తూటా పేల్చారు. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు. వాతావరణ మార్పు గురించి గొంతెత్తిన గ్రేటా తున్‌బర్గ్‌ను గద్దెల మీదున్న పెద్దలే ఎగతాళి చేశారు. ఈ ఉదాహరణల్లో ఒక్క పిల్ల మీదే లోకమంతా కళ్లు పెట్టింది. గ్రామసభలో ముప్ఫైమంది కలిసి అడిగితే ఎవరిదీ ఒక్కరి ముఖం కాదు. ప్రమాదం తగ్గించే దారి అదే. రాజకీయ ప్రచారానికి పిల్లలను వేదికెక్కించడం వేరు సంగతి, దాన్ని సమర్థించే మాట ఇందులో ఎక్కడా లేదు. ఇక జవాబు సంగతి. 2017లో తొమ్మిదేళ్ల ఉత్తరాఖండ్ బాలిక రిధిమా పాండే వాతావరణ మార్పుపై జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది, 2019లో ఆ పిటిషన్‌ను కొట్టేశారు. ఆమె ఓడింది, కానీ కారణం చెప్పి తిరస్కరించిన ఉత్తర్వు ఒకటి చేతికొచ్చింది, దానిమీద పైకి పోయే వీలు దొరికింది. మన సభల్లో పిల్లలకు దక్కేది తలమీద చెయ్యి, బిస్కెట్ పొట్లం. ప్రహ్లాదుడి కథ చెప్పి మురిసిపోయే ఇళ్లలోనే ఎదురు ప్రశ్న వేసిన పిల్లవాడు పెంకె అవుతాడు. భారతదేశం 1992లో అంగీకరించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణం మాట్లాడనివ్వమని చెప్పి ఊరుకోలేదు, వయసుకూ పరిణతికీ తగినట్టు ఆ మాటకు విలువ ఇవ్వమంది.

కోలారు జిల్లాకు సంబంధించి ఒక్క మాట మిగిలింది. సభ కన్నడంలో సాగుతుంది, కన్నడం బాగా వచ్చిన పిల్లలే లేస్తారు. ముళబాగిలు, శ్రీనివాసపుర పల్లెల్లో ఇంటి తెలుగు తప్ప ధైర్యంగా మరో మాట పెగలని పిల్లలు వెనక కూర్చుంటారు, నీళ్లు మోసేవాళ్లు వాళ్లలోనూ ఉంటారు. వాళ్లను తెలుగులోనే అడగనివ్వండి, రాసుకునేవారు కన్నడంలో రాసుకుంటారు. ఈసారి సభ జరిగినప్పుడు తల్లిదండ్రులు అధ్యక్షుణ్ణి ఒకటే కోరాలి: పిల్లలు ఏమడిగారు, ఏది చేస్తాం, ఏది చేయలేం, ఎందుకు చేయలేం అన్నది తేదీ వేసి బడిగోడకు అంటించమని.