బామ్మా... బరువెత్తు!

'నువ్వలా కూర్చో అమ్మమ్మా, బకెట్ నేను తెస్తాగా!'... 'ఆ బియ్యం మూట ముట్టుకోకండి మామయ్యా!'... పెద్దవాళ్లున్న ఇళ్లలో రోజూ వినిపించే మాటలే ఇవి. ప్రేమతోనే అంటాం. కానీ ఆ ప్రేమే వాళ్ల కండరాలకు చేటు చేస్తుందంటే నమ్ముతారా?

వాడని కండ కరిగిపోతుంది. వయసు మీదపడితే మరీనూ! ఇలా కండ, సత్తువ తగ్గిపోవడాన్నే వైద్యులు సార్కోపీనియా అంటారు. మొదట కుర్చీలోంచి లేవడానికి చేతుల ఊతం కావాల్సి వస్తుంది. తర్వాత మెట్లెక్కడం కష్టమవుతుంది. ఆపైన ఏ బాత్‌రూమ్‌లోనో కాలు జారితే... తుంటి ఎముక విరిగి మంచాన పడే ప్రమాదం. రోజూ నడుస్తున్నాం కదా అంటారా? నడక గుండెకు మంచిదే. కండబలానికి మాత్రం అదొక్కటే చాలదు.

తొంభైలో ఇంకేం బలం వస్తుందిలే అనుకోవద్దు. అమెరికాలోని బోస్టన్‌లో మారియా ఫియాటరోన్ బృందం తొంభైకి అటూఇటూ ఉన్న పదిమంది వృద్ధుల చేత కాళ్లతో బరువులు ఎత్తించింది. ఎనిమిది వారాలు పూర్తిచేసిన తొమ్మిదిమందికీ కాలి కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరైతే చేతికర్రే వదిలేశారు! 1990లో వెలువడిన ఈ ఫలితాలు వైద్యుల ఆలోచననే మార్చేశాయి.

మరి బార్‌బెల్? ఆ మాట వింటే మనకు సిడ్నీ ఒలింపిక్స్‌లో (2000) కాంస్యం గెలిచిన మన సిక్కోలు బిడ్డ కరణం మల్లీశ్వరే గుర్తొస్తుంది. అది వయసులో ఉన్నవాళ్ల పని అనుకుంటాం. ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ యూనివర్సిటీ పరిశోధకులు అలా అనుకోలేదు. ఎముకల సాంద్రత తగ్గిన, 58 ఏళ్లు దాటిన 101 మంది మహిళలను రెండు జట్లు చేశారు. ఒక జట్టు ఇంట్లోనే తేలికపాటి వ్యాయామాలు చేసింది. రెండో జట్టు శిక్షకుల సమక్షంలో బార్‌బెల్ పట్టింది. నేలమీది బార్‌ను పట్టుకుని నిటారుగా నిలబడటం (డెడ్‌లిఫ్ట్), భుజాలమీద బార్‌తో గుంజీ తీసినట్టు కూర్చుని లేవడం (స్క్వాట్), తలపైకి ఎత్తడం... వీటికి తోడు కాస్త గెంతడం. వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున. ఎనిమిది నెలలయ్యేసరికి వీళ్ల వెన్నెముక సాంద్రత 2.9 శాతం పెరిగితే, మొదటి జట్టులో 1.2 శాతం తగ్గింది. నడుం పట్టేసింది ఒక్కరికే, అదీ స్వల్పంగా. ఈ వివరాలు 2018లో ప్రచురితమయ్యాయి.

అలాగని రేపే జిమ్‌కి పరుగెత్తకండి. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ, ఎముకలు విరిగిన చరిత్ర ఉంటే ముందు డాక్టర్‌ని అడగాలి. పెద్ద బార్ ఒక్కటే 20 కిలోలుంటుంది. కాబట్టి ఉత్త కర్రతో మొదలుపెట్టి, పద్ధతి కుదిరాకే బరువు పెంచాలి. పక్కన అనుభవమున్న శిక్షకుడు తప్పనిసరి. ఊపిరి బిగబట్టకూడదు. భోజనంలో పప్పు, పాలు, గుడ్డు లాంటి ప్రొటీన్లు తగ్గకూడదు. 65 దాటినవాళ్లు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు పనిచెప్పాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా కూడా.

అందుకే ఈసారి అమ్మమ్మ బకెట్ అందుకుంటే చటుక్కున లాక్కోకండి. పక్కనే నిలబడండి... చాలు!