కదిలిన ఇసుకకు వయసు ఉండదా?

విశాఖపట్నం–భీమునిపట్నం దారిలోని ఎర్రమట్టి దిబ్బల దగ్గర తవ్వకాల గొడవ రేగితే చాలు, ఒక వాదన పైకొస్తుంది: యంత్రం పెట్టి కదిపేశాక ఆ ఇసుకలో కాలం లెక్క చెరిగిపోయినట్టే, శాస్త్రజ్ఞులకు ఇక పనేమీ లేదు, మిగతాది కూడా ఎత్తేసుకోవచ్చు. జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు ఉన్న చోటు గురించి ఈ మాట! దొంగలు సగం దోచారు కాబట్టి మిగతా సగానికి తలుపులు తీసిపెట్టమన్నట్టుంది.

రేణువు చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్లయిందో చెప్పే లూమినిసెన్స్ లెక్క సున్నా అయ్యేది కదలికతో కాదు, వెలుతురుతో. గాలికి ఎగిరే క్వార్ట్జ్ రేణువులో, మట్టిలోని వికిరణం వల్ల పేరుకున్న పాత సంకేతం ఎండకు నిమిషాల్లో తుడిచిపెట్టుకుపోతుంది. గాలి పోసిన ఇసుక ఈ పద్ధతికి అంతగా కుదిరేది అందుకే. జేసీబీ బొక్కెన ప్రతి రేణువునూ అలా ఎండలో ఆరబోయదు. పెళ్లలుగా ఎత్తి గుట్టగా పోస్తుంది, లోపలి రేణువులు వెలుగే చూడవు. నిరుడు పోసిన గుట్టలోంచి నమూనా తీస్తే వేల ఏళ్ల వయసు చూపించే అవకాశమే ఎక్కువ. అంటే తప్పు వస్తుంది, కానీ అపోహ చెప్పే దానికి సరిగ్గా ఎదురు దిక్కున. ఆస్ట్రేలియాలోని జిన్మియం రాతి ఆవాసంలో ఇసుకకు 1996లో లక్ష దాటిన వయసు కట్టారు. రేణువులను విడివిడిగా కొలిచాక 1998లో అది పదివేల ఏళ్ల లోపుకు దిగింది. రాతి నుంచి రాలి, ఎండ చూడని రేణువులు చేసిన మోసం అది. తవ్వకం నిజంగా పాడుచేసేది మరొకటుంది: రేణువు ఏ పొరలో, ఏ మట్టి నడుమ ఉండేదన్న ఆధారం. చుట్టూ ఉన్న యురేనియం, థోరియం, పొటాషియం నుంచి ఏటా ఎంత వికిరణం అందిందో తెలియకుండా సంకేతాన్ని ఏళ్లలోకి మార్చలేం. కాబట్టి తవ్వకుండా మిగిలిన గోడకు విలువ పెరుగుతుందే తప్ప తగ్గదు.

చెదల సంగతి వేరు, ఒప్పుకోక తప్పదు. చెదలు, చీమలు, ఎలుకలు పైకి తెచ్చిన రేణువులు ఎండ చూసి, మళ్లీ బొరియల వెంట కిందికి జారతాయి. సగం పదివేల ఏళ్లవి, సగం రెండువేల ఏళ్లవి అనుకోండి. అన్నీ కలిపి కొలిస్తే సుమారు ఆరువేలు వస్తుంది. ఆ కాలంలో అక్కడ ఏమీ జరిగి ఉండకపోవచ్చు. అయినంత మాత్రాన పద్ధతినే పారేయనక్కర్లేదు, విడివిడిగా కొలిస్తే ఆ చెదురు బయటపడుతుంది. ఆస్ట్రేలియాలోనే మజెద్‌బెబె అనే మరో రాతి ఆవాసానికి 2017లో 65,000 ఏళ్లు కట్టింది అలా వేల రేణువులను కొలిచే. తర్వాత వచ్చిన అభ్యంతరాల్లో ముఖ్యమైనది అక్కడ దొరికిన రాతి పనిముట్ల గురించి: చెదల పుణ్యమా అని అవి కిందికి దిగి ఉండొచ్చని. ఇసుక వయసు తేలినంత మాత్రాన అందులోని రాయి వయసు తేలదు.

లూమినిసెన్స్ అంటే కార్బన్ డేటింగ్ కాదు. ఎరుపు ముదిరితే వయసు ముదిరినట్టూ కాదు. నమూనా తీసేవారు బొరియలు, వేళ్ల జాడలు తప్పించుకోవాలి. ఎండ తగిలిన ముఖం చెక్కేసి, తాజా గోడలోకి ఉక్కు గొట్టం దిగ్గొట్టి, రెండు చివరలూ వెలుతురు చొరకుండా మూయాలి. చుట్టుపక్కల మట్టిని తేమ ఆరకుండా విడిగా పంపాలి. ఒక్క నమూనాతో సరిపెట్టకుండా పైనుంచి కిందికి వరసగా తీయాలి. ల్యాబ్ కాగితంలో ఒకే అంకె కనిపిస్తే రేణువుల మధ్య తేడా ఎంతో అడగండి. జవాబు రాకపోతే ఆ అంకెను పత్రికలవాళ్లకు ఇవ్వకండి.