ఎవరు ఎంత చెల్లించాలి?

శ్రీనగరు నుంచి కన్యాకుమారికి పోయే 44వ నంబరు జాతీయ రహదారి కామారెడ్డి మీదుగా పోతుంది. దాని మీద భిక్కనూరు దగ్గర టోలుగేటు ఉన్నది. అక్కడ కాసేపు చూస్తే, మోటారు సైకిలు దమ్మిడీ ఇవ్వకుండా పోతుంది, కారు కొంత చెల్లిస్తుంది, లారీ అంతకన్న చాలా ఎక్కువ చెల్లిస్తుంది. "అందరం పోయేది ఒకే రోడ్డు గదా, నాకెందుకింత?" అని లారీ డ్రైవరు అడిగితే ఏం చెబుతాం?

జవాబు రోడ్డే చెబుతుంది. 1958-60 మధ్య అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో ఇంజనీర్లు పరీక్ష కోసమే రోడ్లు వేసి, వాటి మీద లారీలను అదే పనిగా తిప్పి, ఏ బరువుకు రోడ్డు ఎంత పాడవుతుందో కొలిచారు. ఇరుసు మీద బరువు రెండింతలైతే రోడ్డు సుమారు పదహారింతలు పాడవుతుందని తేలింది! ఈ లెక్కన లారీ చెల్లించేది తక్కువే. అయితే లారీ మోసుకొచ్చేది మనం తినే బియ్యమూ, ఉప్పూనే.

సొంత కారుకు పన్ను మరొక విధంగా ఉంటుంది. కొన్నప్పుడే, జీవితకాలానికంతకూ ఒకేసారి కట్టించుకుంటారు. తెలంగాణలో 2022లో సవరించిన ప్రకారం అయిదు లక్షల లోపు కారుకు ధరలో నూటికి 13 రూపాయలు. ధర హెచ్చినకొద్దీ ఈ పాలు కూడా హెచ్చుతుంది. ఇందులో బండి ఎంత దూరం తిరిగిందన్న లెక్క లేదు, ఎంత పొగ వదిలిందన్న లెక్కా లేదు. అందుకే పదిహేనేళ్ళు దాటిన సొంత బండ్లకు హరిత పన్ను అని వేరే పెట్టారు. విద్యుత్తుతో నడిచే బండ్లకు 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్నే లేదన్నారు. పొగ రాదు కనక బాగానే ఉన్నది. కాని మోపెడు మీద కూరగాయలు వేసుకుని ఎల్లారెడ్డి అంగడికి వచ్చే మనిషి పన్ను కట్టే బండి కొన్నాడు; ఖరీదైన విద్యుత్తు కారు కొన్న ఆసామి కట్టలేదు. దీన్ని గురించి ఇంట్లో పెద్దలతో వాదించి చూడండి, రెండు పక్షాలా చెప్పటానికి చాలా ఉన్నది.

జరిమానా సంగతి వేరు. పన్ను రోడ్డును వాడుకున్నందుకు. జరిమానా ఇతరుల ప్రాణం మీదికి తెచ్చినందుకు. వేగం రెండింతలైతే బండికి ఉండే గతిశక్తి నాలుగింతలవుతుంది. బ్రేకు వేశాక ఆగటానికి నాలుగింతల దూరం కావాలి. ఎంత పన్ను కట్టిన కారుకైనా ఈ లెక్క మారదు.

మరి వెయ్యి రూపాయల జరిమానా అందరికీ సమానమేనా? కూలివాడికి అది రెండు రోజుల సంపాదన. ధనవంతుడికి చీమ కుట్టినట్టయినా ఉండదు. ఫిన్లాండు దేశంలో 1921 నుంచీ పెద్ద తప్పులకు జరిమానాను "ఇన్ని రోజులు" అని వేస్తున్నారు. రోజుకు ఎంత అన్నది ఆ మనిషి ఆదాయాన్ని బట్టి ఉంటుంది. 2023లో అక్కడి ఆలండ్ దీవులలో, గంటకు 50 కిలోమీటర్లు మించరాని చోట 82 కిలోమీటర్ల వేగంతో పోయిన ఒక కోటీశ్వరుడికి 1,21,000 యూరోల జరిమానా పడింది. అంటే మన లెక్కలో కోటి రూపాయల పైమాటే!

మన దగ్గర ఇంకో చిత్రం జరిగింది. కట్టని జరిమానాలు పేరుకుపోగా, 2022 మార్చిలో తెలంగాణలో ద్విచక్ర వాహనాలకు నూటికి 75, కార్లకు 50 చొప్పున తగ్గించారు. 2023 డిసెంబరులో మళ్ళీ 80, 60 చొప్పున తగ్గించారు. బీదవాళ్ళకు ఇది మేలే. కాని చీటీ వచ్చిన మర్నాడే అణాపైసలతో కట్టిన బీదవాడు ఏమనుకోవాలి?

జరిమానా ఒక్కటే చాలని చోట్లు కూడా ఉన్నాయి. 2022 మే 8వ తేదీ ఆదివారం నాడు, ఎల్లారెడ్డి అంగడికి వచ్చి తిరిగిపోతున్న జనంతో నిండిన సరుకుల ఆటో, నిజాంసాగర్ మండలం హసన్‌పల్లి దగ్గర లారీకి ఢీకొని తొమ్మిదిమంది చనిపోయారు. సరుకుల బండిలో మనుషులను ఎక్కించటం నేరమే, శిక్ష ఉండవలసిందే. కాని చుట్టపక్కాలంతా కలిసి బయలుదేరినప్పుడు పల్లెవాళ్ళకు చవకగా దొరికేది చాలాసార్లు అలాటి బండే. వేళకు బస్సు లేని ఊరిలో శిక్ష ఒక్కటే ఏం చేస్తుంది?

ఇక మీ ఈడువాళ్ళ సంగతి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, పద్ధెనిమిదేళ్ళు నిండని పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే, తండ్రికో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దవుతుంది. పిల్లవాడికి ఇరవయ్యయిదేళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ఆ పెద్దమనిషి తనకు తెలియకుండా జరిగిందనిగాని, ఆపటానికి శాయశక్తులా ప్రయత్నించాననిగాని కోర్టులో రుజువు చేసుకోవాలి. తాళంచెవి ఎప్పుడూ గోడమేకుకే వేలాడుతూ ఉండే ఇంట్లో అది అంత సులభం కాదు.